మోడెం తప్పేం లేదు

లినక్స్ పరీక్ష పదకొండింటికి. పదిన్నరైనా నా ల్యాప్‌టాప్‌కు నెట్ లేదు. ఇంటి వైఫై నిన్నటి నుంచి కలవడం లేదు. ల్యాప్‌టాప్‌లో సిమ్ వేసిన మోడెమే దిక్కు. పరీక్ష రాయాల్సిన లినక్స్, అసలు సిస్టమ్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడుస్తుంది. దానికి మోడెం కనిపించడం లేదు.

"మోడెం చచ్చింది. ఈ వయసులో నీకు పరీక్షలేంటి, వదిలెయ్" అన్నారు మా ఆయన సోఫాలోంచి.

వదల్లేదు. చేసిన ప్రతి పనీ పుస్తకంలో రాసుకుంటూ పోయాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను, మార్పు లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను, అప్పుడూ లేదు. ఐదో వరుసలో కారణం దొరికింది. బయటున్న అసలు సిస్టమ్ మోడెంను తన దగ్గరే పట్టుకుని కూర్చుంది. అక్కడ విడిపించి లోపలికి తగిలించగానే సిగ్నల్ గీతలు లేచాయి.

"వచ్చిందే! ఏమైందట?" అంటూ ఆయన లేచి వచ్చారు.

"మోడెం తప్పేం లేదండీ. పైనున్నది వదల్లేదు, అంతే."

పుస్తకం ఆయన వైపు తిప్పి పెట్టి, పరీక్షలోకి లాగిన్ అయ్యాను. ఆ పేజీలో మొట్టమొదటి వరుస నిన్న రాసింది:

"సాయంత్రం ఆరు. వైఫై పాస్‌వర్డ్ మారింది. నేను మార్చలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే."