తిరిగొచ్చిన మాట

...తీగ తెగి ఉంటే అసలేమీ రాకూడదు. ఇది వస్తోంది. పంపిన మాట పంపినట్టే తనకే తిరిగి వస్తోంది. మనిషి తన గొంతు తానే విని, ఎవరో పలికారనుకుంటే ఎలా ఉంటుంది? రూటరుకు తగిలించిన ల్యాప్‌టాప్ వైపు చూస్తూ అదే ఆలోచిస్తున్నాడు ఇంజనీరు చిరంజీవి.

"ఇంకా ఆలోచన ఏంది సార్? ఖమ్మంతో కంప్యూటర్ లైన్ కలవక పొద్దటి నుంచి జనం నన్ను తింటున్నరు," అన్నాడు బ్యాంకు మేనేజరు రాంబాబు. "ఇది రామ్‌సింగ్ పనే. దసరా మామూలు ఇయ్యలేదని కక్ష."

టెలిఫోను ఎక్స్ఛేంజిలో టెంపరరీ లైన్‌మన్ రామ్‌సింగ్ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద.

"ఉత్తపుణ్యానికి నా మీద ఏస్తున్నరు సారూ. ములకలపల్లి అడవి పొడుగూత కేబులు చూసుకుంటనే వచ్చిన. యాడ తెగలే."

"తెగలేదని నేనూ అంటున్న," చిరంజీవి తలెత్తలేదు. "పరీక్షకు లైన్‌ను మీ దగ్గర మడిచిపెడతరు గదా, పోయింది పోయినట్టు వెనక్కి వచ్చేటట్టు. అది తీసుడు మరిచినవా?"

"పెట్టనే లేదు. నా బిడ్డ మీద ఒట్టు."

క్లర్కు శ్యామల కౌంటరు నుంచి తల తిప్పింది. "ఈ మోడెం బిగించిన చెయ్యే బొట్టు పెట్టాలని, సెలవులకు ముందు మీతోనే పూజ చేయిస్తిమి గద సార్. షట్టర్ దించి, పండుగ చేసుకొని వచ్చేసరికి గిట్లాయె. బంతిపూల దండ కంటే జల్దీ లైనే వాడిపాయె!"

చిరంజీవి నవ్వలేదు. తప్పుకు ఒక ముఖం దొరికితే మనసు ఎంత త్వరగా కుదుటపడుతుంది! ఆ ముఖం గుమ్మంలోనే ఉంది.

రాంబాబు అప్పటికే టెలిఫోను అధికారికి ఫోన్ కలిపి, విషయం చెప్పి, రిసీవరు చిరంజీవి చేతిలో పెట్టాడు. "మీరు ఒక్క మాటంటే ఇయ్యాలనే తీసేస్తరు."

"సార్, గీ కొలువు పోతే తండాల ఏం మొహం పెట్టుకొని..." రామ్‌సింగ్ చేతులు జోడించాడు.

"తప్పు ఎవరిదండీ? పేరు చెప్పండి," అంది అవతలి గొంతు.

పేరు నాలుక చివరికి వచ్చింది. ఊరికే ఉండలేని అతని వేలు, మోడెం మీద వేలాడుతున్న దండను పక్కకు జరిపింది. పూల వెనుక ఎర్ర దీపం వెలుగుతోంది. పరీక్షప్పుడు తప్ప వెలగని దీపం. దాని పక్కనే, లైన్‌ను ఇక్కడికిక్కడే మడిచేసే చిన్న మీట లోపలికి నొక్కుకుపోయి ఉంది.

మీట నడిమధ్యన, కుంకుమ బొట్టు.

చిరంజీవి దాన్ని నొక్కాడు. టిక్కుమని పైకొచ్చింది. ఎర్ర దీపం ఆరిపోయింది. "ఖమ్మం వచ్చింది!" అని అరిచింది శ్యామల.

"హలో, వింటున్నారా? పేరు?"

అతను వేలికంటిన కుంకుమను చూసుకున్నాడు.

"రాసుకోండి సార్," అన్నాడు. "చిరంజీవి."