ఒక్క పెట్టెలో మూడు కాపురాలు

"అత్తయ్యా, మీ జోకుల సైటు తీసేయక తప్పదు," అంది కోడలు, మెట్ల కింద ఉన్న చిన్న సర్వర్ కంప్యూటర్ ముందు కూర్చుని. "మీ అబ్బాయి ఆన్‌లైన్ షాపు, నా లెక్కల పాఠాలు, మీ జోకులు, మూడూ ఈ ఒక్క పెట్టెలోనే కాపురం. అది మోయలేక షాపు ఆర్డర్లు ఆగిపోతున్నాయి."

"నా జోకులే బరువయ్యాయా?"

"చూసేవాళ్లుంటే తీస్తానా? ఈ నెల ఒక్కరూ రాలేదు."

అత్తయ్య ముఖం చిన్నబోయింది. "పోనీలే. కట్టుకున్నాయనే ఏనాడూ నవ్వలేదు, ఊళ్లోవాళ్లు నవ్వుతారా?"

పేపరు చాటు నుంచి మామయ్య అందుకున్నారు. "ఒక్కరూ రాకపోవడమేమిటి? నీ లెక్క తప్పమ్మా."

"తప్పు కాదు మామయ్యా. పని చేస్తోందో లేదోనని నేనే తెరిచి చూస్తుంటాను కదా. అందుకని మన ఇంట్లో ఫోన్లను లెక్కలోంచి తీసేశాను."

"అదీ సంగతి!" అనేసి, మామయ్య నాలుక కరుచుకున్నారు.

కోడలు ఇంట్లో ఫోన్లను కలిపి చూసింది. రోజూ మామయ్య ఫోనే. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక మళ్లీ.

అత్తయ్య పేపరు కిందికి లాగింది. "ఎదురుగా చెబితే మూతి ముడుచుకుంటారే!"

"ఎదురుగా నవ్వితే నువ్విక ఆపుతావా?"

కోడలు తన పాత పాఠాలు కొన్ని తీసేసి, జోకులకు చోటు చేసింది.

"ఇప్పుడే కొత్తది రాస్తున్నా," అంది అత్తయ్య.

ఎవరి మీదని మామయ్య అడగలేదు. అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నారు.