నీలం అంచు

ఆ ఏడు సంతలో వెర్నన్ స్టకీ బల్లని మరుగుదొడ్ల పక్కన వేశారు. కావాలనే వేశారు.

అందులో అనుమానం లేదు. బల్లలు పంచేది డ్వేన్ క్రైడర్. కిందటేడు డ్వేన్ అమ్ముతున్న పతకం నకిలీదని నలుగురిలో చెప్పింది వెర్నన్.

సంత జరిగేది ఒహాయోలో, పశువుల ప్రదర్శన కొట్టంలో. ఆ రెండు రోజులూ ఆవులను తోలేసి పాత జర్మన్ సైన్యపు కోట్లు, టోపీలు, బిళ్ళలు పరుస్తారు. పేడ వాసన మాత్రం పోదు. కొనడానికి వచ్చేవాళ్ళకంటే ఆవులే నయమని వెర్నన్ అభిప్రాయం.

ఈసారి అతని దగ్గర ఒకటే మంచి సరుకు. బూడిద రంగు కోటు. కుడి చేతి లోపలి గుడ్డ నిండా ఎండిన రక్తం.

రక్తం ఉంటే ధర పెరుగుతుంది. పొద్దున్నే ఒక పళ్ళ డాక్టరు ఆ మరకకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తాను. ఇంకెవరికీ ఇవ్వకండి."

వెర్నన్ మొహం పక్కకు తిప్పుకుని సరేనన్నాడు.

ఆ కోటు అతని తండ్రి యుద్ధం నుంచి తెచ్చింది. బతికినంత కాలం ఆయన దాన్ని ఉతకనివ్వలేదు, అమ్మనివ్వలేదు. ఎక్కడిదో చెప్పలేదు. చచ్చినవాడి ఒంటి మీంచి ఊడబీక్కుని వచ్చి ఉంటాడు, అందుకే నోరు మెదపడు అనుకున్నాడు వెర్నన్. అలా అనుకునే తండ్రిని అసహ్యించుకున్నాడు.

కోటు భుజపట్టీలకు మొదట నీలం అంచు ఉండేది. నీలమంటే వైద్యదళం. కట్లు కట్టినవాడి కోటు ఎవడికి కావాలి? గులాబీ అంచైతే టాంకు దళం. దానికోసం కొట్టుకు చస్తారు. అందుకే పోయిన చలికాలం వెర్నన్ నీలం పట్టీలు విప్పి, గులాబీవి కుట్టాడు. పాత నూలు దారంతో, పాత రంధ్రాల్లోంచే. భార్య బతికుంటే ఆ పనికి సూది ఇచ్చేది కాదు. ఆమె పోయింది. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు.

పళ్ళ డాక్టరు అటు వెళ్ళగానే ఒక ముసలాయన వచ్చాడు. గోధుమ రంగు సూటు, చేతికర్ర. బల్ల మీది పేరు అట్టను చాలాసేపు చదివాడు. తర్వాత అడక్కుండా కోటు చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యండి."

"క్షమించండి." జర్మన్ యాస. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఈ కుట్టు చిరిగింది కాదు. ఎవరో కత్తెరతో విప్పారు. మోచేతి దాకా."

"అయితే ఏంటి?"

"దీని భుజాల మీద నీలం ఉండేదా?"

డ్వేన్ పంపిన మనిషి, పరువు తీయడానికి వచ్చాడు అనుకున్నాడు వెర్నన్.

"నీలమా? కళ్ళజోడు మార్పించుకోండి. ఇది టాంకు మనిషిది."

"మార్చి కుట్టలేదు కదా?"

వెర్నన్ ఊదారంగు లైటు తీసి భుజం కుట్ల మీద వేశాడు. కొత్త దారమైతే ఆ వెలుగులో తెల్లగా మెరుస్తుంది. మెరవలేదు.

"చూశారా? పుట్టినప్పటి కుట్లే."

ముసలాయన భుజాలు జారిపోయాయి. "అయితే ఇది కాదన్నమాట." కోటు చేతిని మెల్లగా మడిచి బల్ల మీద పెట్టాడు. "ఇంకొక్క మాట. మీ పేరు చూసి ఆగాను. మీ నాన్నగారు యుద్ధంలో..."

"ఆపండి. ఇక్కడ కథలు చెప్పకూడదు. నకిలీ సరుకు అమ్మేవాళ్ళందరూ కథతోనే మొదలుపెడతారు. కొంటే కొనండి, లేకపోతే దారి వదలండి."

"కథ కాదు బాబూ, చిన్న ప్రశ్న..."

"మరుగుదొడ్డికైతే అటు."

ముసలాయన తల ఊపి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పళ్ళ డాక్టరు వచ్చి కోటు పట్టుకుపోయాడు. టాంకు లోపల పోయిన మనిషి రక్తమని తన ఊహ తనే చెప్పుకున్నాడు. వెర్నన్ కాదనలేదు.

బల్ల సర్దుతుండగా డ్వేన్ కాఫీ కప్పుతో వచ్చాడు.

"ఏమోయ్ వెర్నన్, వాసన ఎలా ఉంది?"

"నువ్వొచ్చాక పెరిగింది. నువ్వు పంపిన ముసలాడి ఆటలు సాగలేదులే."

"నేనెవర్నీ పంపలేదు. నా కుర్చీలో కూర్చుని ఏడ్చాడు పాపం. కాఫీ ఇస్తే తాగలేకపోయాడు."

"ఎందుకట?"

"వాళ్ళ సైన్యంలో డాక్టరట. అడవిలో మనవాడొకడు చెయ్యి నుజ్జయి, మంచులో పడి ఉన్నాడట. కట్టు కట్టి, తన కోటు చెయ్యి కుట్టు విప్పి వాడికి తొడిగి, వీపున మోసుకుని మనవాళ్ళ కందకం దాకా తెచ్చి దించాడట. మనవాళ్ళు కాల్చకుండా వదిలేశారట. ఆ కుర్రాడి చెయ్యి నిలిచిందా, తీసేశారా, అదొక్కటే తెలుసుకోవాలని ఇంత దూరం వచ్చాడు."

వెర్నన్ మడుస్తున్న బల్లగుడ్డను బల్ల మీద వదిలేశాడు.

"కుర్రాడి ఇంటిపేరు స్టకీ అట. నిన్నడిగితే కథలొద్దన్నావటగా" అన్నాడు డ్వేన్.

"ఎటు పోయాడు?"

"బస్సెక్కాడు. విమానం అందుకోవాలట."

"పేరు?"

"అడగలేదు. మనం కోట్ల పేర్లే గాని మనుషుల పేర్లు ఎప్పుడడిగాం?"

వెర్నన్ తండ్రి బతికినంత కాలం ఆవుల పాలు పితికింది ఆ కుడి చేత్తోనే. ముంజేతి మీద పొడుగాటి మచ్చ ఉండేది. ఎలా పడిందని చిన్నప్పుడు వెర్నన్ ఒకసారి అడిగాడు. ఆయన లేచి వెళ్ళి, పెట్టె తెరిచి, ఆ కోటును చూస్తూ నిలబడ్డాడు.

మరుసటేడు సంతలోనూ వెర్నన్ బల్ల మరుగుదొడ్ల పక్కనే వేశారు. ఆ జర్మన్ డాక్టరు మళ్ళీ వచ్చాడా అని డ్వేన్ అడిగాడు.

"ఇక్కడ కథలు చెప్పకూడదు" అన్నాడు వెర్నన్. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట అన్నాడు.