ఇంటి ఓటు

గేటు మళ్లీ చప్పుడైంది.

ధనరాజ్ విసుక్కుంటూ లేచాడు. పొద్దున్నుంచీ ఇదే తంతు. చేతికర్ర, నలిగిన పంచె, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. అదే ముసలాయన.

"ఆఫీసరోళ్లు వచ్చిండ్రా? ఎంకయ్య ఓటు అయ్యిందా?"

"కాలే. అయినా నీకెందుకు పెద్దాయనా?"

"జర ఇల్లు కదలకుండ్రి. ఇయ్యాల గాకుంటే వాళ్లు మల్ల రారు."

ధనరాజ్‌కు ఒళ్లు మండింది. వికారాబాద్‌లో దుకాణం మూసుకుని తాండూరులో అత్తగారింటికి కాపలా కాస్తున్నాడు తను. భార్య నీలిమ చుట్టాల పెండ్లికని కుల్కచర్లకు పోయింది. ఎనభై అయిదు దాటినవాళ్లు ఇంట్లోనే ఓటేయవచ్చని తండ్రి ఎంకయ్య చేత దరఖాస్తు పెట్టించింది కూడా ఆమే. లోపల మంచం మీద మామ, కాలికి కట్టుతో. చెవులూ అంతంతమాత్రమే.

"ఇంతకూ నీది ఏ పార్టీ?"

ముసలాయన బోసినోటితో నవ్వాడు.

"మీ మామకు పడని పార్టీ."

ధనరాజ్ గేటు మూసేశాడు. అవతలి పార్టీవాడు వచ్చి కదలొద్దంటున్నాడంటే ఏదో కిరికిరి ఉన్నట్టే. ఇంట్లో కూర్చోబెట్టి ఓటు ఎగ్గొట్టిస్తారు. ఇట్లాంటివాళ్లను తను చూడలేదా?

మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. వికారాబాద్‌లో డాక్టరు కట్టు విప్పుతానన్నదీ ఆ రోజే. మామను కారెక్కించాడు.

"ఆఫీసరోళ్లు వస్తరు గద అల్లుడా? ఒక్క ఎలక్షన్ తప్పలే నేను."

"గిదీ తప్పదు మామా," చెవి దగ్గర అరిచాడు ధనరాజ్. "ఓట్ల నాడు నేనే బూత్‌కు తీస్కపోత. ఫికర్ చెయ్యకు."

ఓట్ల నాడు చక్రాల కుర్చీ తోసుకుంటూ బూత్‌లోకి పోతే, ఆఫీసరు పేరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈయనకు ఇంటి ఓటు మంజూరైంది. ఇగ ఈడ ఎయ్యరాదు."

"మనిషి ఎదురుంగ ఉన్నడు, కార్డు ఉన్నది. ఇంకేం గావాలె సార్ మీకు?"

"రూల్ గంతే అన్నా. టీం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి తలుపు తీసినోళ్లు లేరు. రెండోసారి నేను గూడ ఉన్న. తాళం."

"మరి జర సేపు ఆగొద్దా?"

"ఆగలేదా? మీ అరుగు మీద ఒక పెద్దమనిషి మమ్మల్ని కదలనిస్తేనా? జీపుకు కర్ర అడ్డం పెట్టిండు. దండం పెట్టిండు. చాయ్ తెప్పిచ్చిండు. చీకటి పడేదాక చూసినం. ఈయన అన్నో తమ్ముడో అనుకున్న."

ధనరాజ్ బల్ల మీది కార్డు తీసుకున్నాడు.

కుర్చీ వెనక్కి తిప్పాడు. బయట వరుసలో ఆ ముసలాయన, దాదాపు తలుపు దగ్గరే ఉన్నాడు. ఎంకయ్య సిరా అంటని వేలు ఎత్తి చూపించాడు.

ముసలాయన ఆ వేలు వంకే చూశాడు. చేతిలోని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వరుసలోంచి తప్పుకుని, కర్ర తాటిస్తూ గేటు వైపు నడిచాడు.

"గిదేంది, ఓటెయ్యకుండనే పోతుండు? ఎవరు మామా ఆయన?"

ఎంకయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"రామచందర్. ఇద్దరం ఓటుకు ఒక్కటే సైకిల్ మీద వచ్చెటోళ్లం అల్లుడా... నేను ఏసిన ప్రతి ఓటుకు ఎదురు ఓటు ఏసినోడు."