తడి కాళ్ళు

మొదటి సంగు ఊదింది. ముని మళ్ళీ బిగుసుకున్నాడు.

మిల్లు సంగు కూత వినబడితే కోయంబత్తూరులో గడియారాలు సర్దుకుంటాయి. రెండున్నరేళ్ళ ముని మాత్రం సర్దుకోడు.

పెద్దవాళ్ళకి మిల్లు ఇళ్ళ లైను చివర కక్కసులున్నాయి. చిన్నపిల్లలకి పెరటి మూల, కాలవ పక్కన పరిచిన వెడల్పాటి రాయి. వేదవల్లి కొడుకుని దాని మీద కూర్చోబెట్టేది. వాడు నిప్పు తొక్కినట్టు దూకి ఆమె చీర పట్టుకునేవాడు. కాసేపటికి ఇంట్లో చాప మీద తీరిగ్గా పని కానిచ్చేవాడు. ఈ కొత్త లైనింటికి వచ్చి రెండు నెలలు. రెండు నెలలుగా ఇదే భాగోతం.

మొగుడు పెరుమాళ్సామికి ఇది నవ్వులాట. వేదవల్లికి కాదు. మిల్లులో పిల్లల్ని చూసే ఆయా తెగేసి చెప్పింది. అక్కడున్నవన్నీ రాళ్ళేనట. వచ్చే సోమవారానికి వాడు రాయి మీద కూర్చోవడం నేర్చుకోకపోతే ఇంట్లోనే ఉంచుకోమంది. వాణ్ణి ఇంట్లో ఉంచుకుంటే వేదవల్లికి నూలు చుట్టే పని పోయినట్టే.

ఆ బుధవారం ఓపిక చచ్చి చెయ్యెత్తింది.

"కొట్టద్దు అమ్మిణీ. ఇట్ల నాకియ్యి బిడ్డని."

సందు వైపున్న పెరటి వాకిట్లో ఎవరో ముసలావిడ.

ఎవరని అడిగే లోపలే ఆమె నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, చంటిపిల్లలకి చేసినట్టు మునిని వాటి మీద కూర్చోబెట్టుకుని "ఉస్స్" అంది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

వేదవల్లికి ప్రాణం లేచొచ్చింది. కాఫీ ఇస్తానంటే ముసలావిడ వద్దంది. ఇల్లెక్కడని అడిగితే ఇక్కడే అంది.

మర్నాడూ సంగు ఊదగానే వచ్చింది. ముని అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. తల్లి పిలిస్తే రానివాడు, ఆమె పిలవకుండానే వెళ్ళాడు.

మూడోరోజు వేదవల్లి ఒకటి గమనించింది. ఎండాకాలం. కొళాయిలో చుక్క రాక లైనంతా బిందెలతో తిరుగుతోంది. ఆ ముసలావిడ కాళ్ళు మాత్రం మోకాళ్ళ దాకా తడిగా ఉన్నాయి. ఆమె వెళ్ళాక కూర్చున్నచోట చెయ్యి పెట్టి చూసింది. మన్ను తడిగా, చల్లగా ఉంది.

శనివారం ధైర్యం చేసి ఆమెకి ఆయా మాట చెప్పింది. కాళ్ళ మీద అలవాటు మాన్పించి రాయి మీద నేర్పమని బతిమాలింది.

ముసలావిడ ఆ మూలకేసి చూడనైనా లేదు.

"ఆ రాయి మీద వద్దు. కాళ్ళ మీదే కానీ."

ఆమె ఎవరో కనుక్కుందామని వేదవల్లి పక్కింటికి వెళ్ళింది. ధనభాగ్యం వింతగా చూసింది. రోజూ ఆ వేళకి తాను పెరట్లోనే అంట్లు తోముతుందట. తల్లీకొడుకులు తప్ప మూడో మనిషిని చూడలేదట.

గొంతు తగ్గించింది. "నిన్న నీ కొడుకు నేలకి జానెడు ఎత్తున కూర్చోనున్నట్ట కనబడినాడు. నా కండ్లే చెడినాయనుకుంటి."

ఆ సాయంత్రమే వేదవల్లి చీపురు తిరగేసి, దానికి పాత చెప్పు జతచేసి పెరటి వాకిలికి కట్టింది. గాలీ ధూళీ దాన్ని దాటవని ఆమె పుట్టింటివాళ్ళ నమ్మకం.

ఆదివారం సంగు లేదు. అయినా ముసలావిడ వచ్చింది. చీపురు చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో కోపం లేదు. వేదవల్లికి అదే ఎక్కువ భయమేసింది.

"సరేలే, నేను రాను. బిడ్డని మాత్రం ఆ రాయి ఎక్కించబోకు."

ముని 'అవ్వా' అని ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం వచ్చింది. సంగు ఊదింది. ముని రాయికి నాలుగడుగుల దూరంలో కూలబడ్డాడు. వేదవల్లి రెక్క పట్టి లాగింది. వాడు కాళ్ళు నేలకి తన్నిపెట్టి ఆమె చెయ్యి కొరికాడు. వదిలేసింది. ఆ కోపంలో చంకలోని నీళ్ళ బిందెని దభీమని రాయి మీద దించింది.

రాయి నడిమికి విరిగింది. బిందె మాయమైంది. చాలాసేపటికి ఎక్కడో అడుగున నీళ్ళు చప్పుడయ్యాయి.

వేదవల్లికి ఆయా, పని, సోమవారం ఏవీ గుర్తులేవు. మునిని గుండెకి కరుచుకుని పరుగెత్తి, పెరటి వాకిలికి కట్టిన చీపురు పీకి పారేసింది. సందులోకి చూసింది. ఎవరూ లేరు. ముసలావిడ రోజూ కూర్చునే చోట చెయ్యి పెట్టి చూసింది. మన్ను ఎండిపోయి ఉంది.

చప్పుడు విని మిల్లు వాచ్‌మన్ వీరప్ప తాడు పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. లోపలికి తొంగిచూసి అక్కడే చతికిలబడ్డాడు. మిల్లు రాకముందు ఈ నేలంతా వాళ్ళ తోటేనట, ఇది ఆ తోట బావట. లైను కట్టిన కంట్రాక్టరు బావిని పూడ్చేశానని చెబితే నమ్మాడట. పూడ్చలేదు, పైన ఈ రాయి మూత వేసి వదిలేశాడు.

వేదవల్లి ముసలావిడ సంగతి చెప్పింది. తడి కాళ్ళ మాట రాగానే వీరప్ప తల వంచుకున్నాడు.

"మా అవ్వ," అన్నాడు. "ఇది ఇరుకు బావి, అమ్మిణీ. మనవడు పడితే వెనకే దిగింది. వీపు ఒక గోడకి, కాళ్ళు ఒక గోడకి తన్నిపెట్టి, తాడు వచ్చేదాకా వాణ్ణి ఆ కాళ్ళ మీదే కూర్చోబెట్టుకున్నాది. వాణ్ణి పైకి లాగి, ఆమె కోసం మళ్ళీ తాడు దించితే పట్టుకునేదానికి మనిషి లేదు."

ఆ పిల్లవాడు ఏమయ్యాడని వేదవల్లి అడిగింది.

వీరప్ప చేతిలో తాడు కింద పెట్టి, ముని పాదాలకంటిన మన్ను తుడుస్తూ, "నేనే," అన్నాడు.