ఊరంతటికీ లక్కీ డ్రా

ఫోన్ పెట్టేసి నర్సింగ్ తెగ సంబరపడిపోయాడు. ఎవరో హాలిడే క్లబ్బు వాళ్లట. లక్కీ డ్రాలో పేరు వచ్చిందట. బుధవారం పటాన్‌చెరులో ఫంక్షన్ హాలుకి భార్యాభర్తలిద్దరూ రావాలి. రెండు గంటలు కూర్చుని వాళ్లు చెప్పేది వింటే నీళ్ల ఫిల్టర్ మిషన్ ఉచితం. బస్సు కూడా వాళ్లే పంపిస్తారట.

ఇలాంటి మీటింగుల్లో నర్సింగ్‌ది అందె వేసిన చెయ్యి. ఇంట్లో కుక్కరు సంగారెడ్డిలో వచ్చింది, డిన్నర్ సెట్టు మియాపూర్‌లో. గోవాలో ఏడాదికో వారం గది మీదేనని వాళ్లు గొంతు చించుకుంటుంటే, ఈయన సమోసాలు తిని, చేతులు తుడుచుకుని, "ఇంట్ల అడిగి చెప్త సార్" అనేవాడు. ఆ అడగాల్సిన ఇల్లాలు సునంద పక్క కుర్చీలోనే ఉండేది.

ఈసారి మాత్రం సునందకు మనసొప్పలేదు. ఫోన్ తమ ఒక్కరికే రాలేదు. పక్కింటి మొగులమ్మకు వచ్చింది. ఎదురింటి ఐలన్నకూ వచ్చింది. పోయిన నెల పంచాయతీ ముందు టేబుల్ వేసుకుని ఎవరో పేర్లు రాసుకుపోయారు. ఆ పేర్లన్నిటికీ వచ్చింది.

"లక్కీ డ్రా ఊరంతటికి తగుల్తదా?" అంది.

"తగిల్తె నీకేం నొప్పి?" అన్నాడు నర్సింగ్. "మన నీళ్లకు ఆ మిషన్ కావాల్నా, వద్దా?"

ఆ మాట కాదనలేకపోయింది. కాజీపల్లి దాటాక ఉన్న ఆ చిన్న ఊళ్లో నాలుగేళ్లుగా బోరు నీళ్లు పచ్చగా, మందు వాసనతో వస్తున్నాయి. ఊరి వెనక మందుల కంపెనీ వచ్చాకే ఈ పీడ. సునంద బర్రెలు రెండూ పోయాయి. బిడ్డ వర్ష చేతుల మీద దద్దుర్లు ఎన్ని మందులు పూసినా తగ్గడం లేదు. ఇప్పుడా కంపెనీ రెండో ప్లాంటు కడతానంటోంది. దానికి ఊరివాళ్ల అంగీకారం కావాలి. శుక్రవారం బడి ఆవరణలో సభ పెడతామని దండోరా వేశారు. అక్కడ ఊరు వద్దంటే ప్లాంటు రాదు. వద్దనిపించడానికే సునంద పది రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. తను మాట్లాడాల్సింది వర్షతో రాయించుకుని కంఠతా పట్టింది.

సభ శుక్రవారం, ఇది బుధవారం. వెళ్లొస్తే పోయేదేముంది అనుకుంది. ఆమె భయమల్లా మొగుడి చెయ్యి గురించే. సమోసాల మత్తులో ఏదో ఒక రోజు గోవా గది కొంటానని ఆ వాయిదాల కాగితం మీద సంతకం గీకేస్తాడని.

బుధవారం మూడు బస్సులొచ్చాయి. ఊళ్లో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప అందరూ ఎక్కారు.

హాలు గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని సంచిలో వేశారు. ఆధార్ కార్డు చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నారు. గిఫ్టు ఎవరికిచ్చామో ఆనవాలు ఉండాలి కదమ్మా అన్నాడు టై కట్టుకున్నాయన. సునంద ఆ పేజీని రెండుసార్లు కిందికీ మీదికీ చూసింది. పేరు, ఊరు, సంతకం. వాయిదాల మాట ఎక్కడా లేదు. సరేనని పెట్టింది.

గిఫ్టు ముందుగా అందుతుందని నర్సింగ్ ఆమెను మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అన్నీ తెలిసిన మొహాలే. వేరే ఊరి మనిషి ఒక్కరు లేరు. మియాపూర్‌లో ఇలా లేదే అనుకుంది. ఇంతలో తలుపులు మూశారు.

తెర మీద సముద్రం కనిపించింది. కొండలు, ఉయ్యాల ఊగుతున్న పిల్లలు కనిపించారు. టై ఆయన మైకు పట్టుకుని మెత్తగా అడిగాడు. "మీ పిల్లలకు మంచి రోజులు రావాలనుకునేవాళ్లు చేతులెత్తండి."

ఎందుకెత్తరు? అందరూ ఎత్తారు. ఫొటోలు తీసే అతను సరిగా రాలేదని మళ్లీ ఎత్తించాడు. వెనకవాళ్లు కనబడలేదని ఇంకోసారి అడిగాడు. ఆ మూడోసారి సునంద చెయ్యి లేవలేదు. నర్సింగ్ ఆమె మోచెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"ఫిల్టర్ ఇయ్యకుంటె ఏం జేస్తవ్?" అని గొణిగాడు.

తర్వాత బిర్యానీ పెట్టారు. సునంద తింటూనే తలుపు వైపు చూస్తోంది. ఇప్పుడెవరో వచ్చి పక్కన కూర్చుంటారు, కొనమని పీక్కుతింటారు, నర్సింగ్ మెత్తబడతాడు. అలా ఎదురుచూస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. గది ఎంతకిస్తారో కూడా చెప్పలేదు. నవ్వుతూ ఫిల్టర్ డబ్బాలు చేతికిచ్చి బస్సెక్కించారు.

"ఇన్ని మీటింగులు తిరిగిన, గిట్ల ఉత్తగ ఇడిసిపెట్టినోళ్లను సూడలే," అన్నాడు నర్సింగ్ మీసం దువ్వుకుంటూ. అతని లెక్కలో అది గెలుపు. సునంద మాత్రం దారంతా డబ్బాను అటూ ఇటూ తిప్పి, వాయిదాల కాగితమేమైనా ఉందేమోనని వెతికింది.

మర్నాడు మిషన్ బిగించారు. గ్లాసులో నీళ్లు తేటగా వచ్చాయి. వర్ష గటగటా తాగేసి ఇంకో గ్లాసు పట్టుకుంది. అనవసరంగా అనుమానపడ్డానని సునంద సిగ్గుపడింది. మొగుడికి ఆ పూట ఇష్టమైన కూర వండిపెట్టింది.

శుక్రవారం పొద్దున ఊరివాళ్లను వెంటబెట్టుకుని బడికి వెళ్లింది. ఆవరణలో షామియానా లేదు, కుర్చీలు లేవు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. పంచాయతీలో లెక్కలు రాసే కారోబార్ కొమురయ్య, గేటుకు ఫొటో ఉన్న కాగితమేదో అంటిస్తున్నాడు.

"సభ ఏడ పెట్టిన్రు, కొమురన్నా?" అని అడిగింది.

అతను జిగురు చేతులు దులుపుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"గదేంది చెల్లె, సభ బుధవారమే పటాన్‌చెరుల అయిపాయె గద, ప్లాంటు కావాల్నని ఊరంత చేతులెత్తిన ఈ ఫొటోల నువ్వే ముంగటున్నవ్."