గంగాధరరావు నవ్వు

గోపాలపట్నం, 1986

తమ్ముడు సుందర్ రాజ్‌కి,

నా రాత కోడిగీతలు, తప్పులూ ఉంటాయి. సర్దుకుని చదువుకో.

నువ్వు ఓడ దిగినప్పుడు ఇచ్చిన రెండు కేసెట్లూ ఆదివారం మా ఇంట్లో, నాతో పోర్టులో పనిచేసే వాళ్లకి వినిపించాను. హిప్-హాప్ దరువుకి తొడలు చరిచారు. బ్లూస్, అదే ఆ నల్లవాళ్ల ఏడుపు పాట, మొదలవగానే వాళ్లలో గంగాధరరావు పగలబడి నవ్వాడు.

"ఏటి బావా, సావింట్లో కూకోబెట్టావ్?"

అందరూ ఒకటే ఇకిలింపు. ఒకడైతే నా గుమ్మంలోనే కిళ్లీ ఉమ్మాడు. వీళ్లకా ఈ పాట అనుకుని కేసెట్టు తీసేశాను.

మర్నాడు గంగాధరరావు ఒక్కడే వచ్చి, తలుపేసి, ఆ పాటే పెట్టమన్నాడు. వింటూ భోరుమన్నాడు.

"మా ఆడది పోయినప్పుడు నలుగురూ సూత్తన్నారని ఏడవలేదు బావా. నిన్న నవ్వకపోతే అందర్లోనూ ఏడిసీవోణ్ని."

పై ఆదివారం బ్లూస్ పెట్టమని వాడే అడిగాడు. పెట్టగానే మళ్లీ నవ్వాడు. కళ్లు మాత్రం నిండిపోతున్నాయి. ఎవరూ వాడి వైపు చూడకుండా ఉండాలని, వాడికంటే గట్టిగా నేను నవ్వాను. నా నవ్వుకి నాకే రోత పుట్టింది. అయినా పాట అయ్యేదాకా ఆపలేదు.

అలాంటి కేసెట్టు ఇంకోటి దొరుకుతుందా? వెంటనే జాబు రాయి.